పొగ తగ్గించే సిగ్నల్ టైమింగ్: ఒక్క కూడలి నుంచి కారిడార్ దాకా

సిగ్నల్ దగ్గర పొగ అనగానే గుర్తొచ్చేది రెడ్ లైటు ముందు ఇంజన్ ఆపకుండా నిలబడ్డ బళ్ళు. ఇంధనం ఎక్కువగా ఖర్చయ్యేది మాత్రం గ్రీన్ పడ్డాక, ఆ బళ్ళన్నీ మళ్ళీ వేగం అందుకునేటప్పుడు. ఈ తేడా పట్టుకుంటే సిగ్నల్ టైమింగ్‌లో మిగతా నిర్ణయాలన్నీ దాని వెంటే వస్తాయి. కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం.

1,200 కిలోల కారు గంటకి 50 కి.మీ. వేగంతో వస్తోందనుకోండి. దాని చలనశక్తి సుమారు 115 కిలోజౌళ్ళు. బ్రేకు వేస్తే అందులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. మళ్ళీ అదే వేగానికి చేరాలంటే అంత శక్తినీ ఇంజన్ కొత్తగా ఇవ్వాలి. పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది దాదాపు నాలుగో వంతే కాబట్టి ఒక్కసారి ఆగి కదలడానికి 10 నుంచి 15 మి.లీ. పెట్రోలు అవుతుంది. అదే కారు నిలబడి ఇంజన్ నడుపుతుంటే సెకనుకి 0.2 మి.లీ. దాకా తాగుతుంది. అంటే ఒకసారి ఆగి బయల్దేరడం ఇంచుమించు నిమిషం సేపు ఐడ్లింగ్‌తో సమానం. 12 టన్నుల బస్సు అయితే ఒక్కసారి ఆగితే 80 నుంచి 100 మి.లీ. డీజిల్ పోతుంది.

మామూలుగా సిగ్నల్ ఇంజనీర్లు తగ్గించాలని చూసేది వెయిటింగ్ టైమ్‌ని. పర్యావరణం కోసం చూసేవాళ్ళు దాంతో పాటు ఆగుళ్ళని కూడా లెక్కపెట్టాలి, అదీ బండి బరువును బట్టి. ఈ మార్గదర్శి అంతా ఈ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతుంది.

మొదటి మెట్టు: దేన్ని తగ్గిస్తున్నారో అంకెల్లో రాసుకోండి

“కాలుష్యం తగ్గించాలి” అని ఫైల్లో రాస్తే సిగ్నల్‌ని నడిపే పెట్టెకి, అంటే కంట్రోలర్‌కి, అర్థం కాదు. ఒకే అంకెగా మారే సూత్రం కావాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బ్రిటన్‌లో డెన్నిస్ రాబర్ట్‌సన్ 1969లో తయారుచేసిన ట్రాన్సిట్ అనే ప్రోగ్రామ్ అప్పుడే ఈ పని చేసింది: మొత్తం ఆలస్యానికి, ఆగిన సంఖ్యని ఒక గుణకంతో హెచ్చించి కలిపి, ఆ మొత్తాన్ని తగ్గించేది. మీరూ అదే చేయండి. మొత్తం వెయిటింగ్ సెకన్లు, దానికి ఆగుళ్ళ సంఖ్యని 60తో గుణించి కలపండి. ఆ 60 కార్లకి. బస్సులు, లారీలు నిలబడినప్పుడు కూడా ఎక్కువే తాగుతాయి కాబట్టి వాటికి గుణకం 120 దాకా తీసుకోండి, పైగా వాటి మొత్తం స్కోరుని కారు స్కోరుకి కొన్ని రెట్లుగా లెక్కించండి. ఆ రెట్లు ఎన్నో మీ రోడ్డు మీద తిరిగే బళ్ళను బట్టి ఉంటుంది. ఖాళీ మినీ లారీ, నిండు కంటెయినర్ ఒకటి కావు.

ఎలక్ట్రిక్ బళ్ళు పెరిగే కొద్దీ ఈ గుణకం తగ్గుతుంది. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో సగానికి పైగా అవి తిరిగి బ్యాటరీకి పంపగలవు, నిలబడినప్పుడు మోటారు తిరగదు. టైరు అరుగుదల నుంచి వచ్చే ధూళి మాత్రం వాటికీ తప్పదు. అందుకే గుణకాన్ని సున్నా చేసేయకండి.

ఇంకో విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మీరు చూస్తున్నది కార్బన్ డయాక్సైడా, లేక ఆ కూడలిలో మనుషులు పీల్చే గాలా? లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోలు, డీజిల్ అయితే 2.6 కిలోలకి పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది ఎక్కడ విడుదలైనా ప్రభావం ఒకటే. నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్నటి ధూళి సంగతి వేరు. క్యూ ఏ బడి గోడ పక్కన ఆగుతుందో, ఏ ఆసుపత్రి గేటు ముందు ఆగుతుందో ముఖ్యం. కొన్నిసార్లు మొత్తం ఇంధనం ఏమీ తగ్గకపోయినా, క్యూని రెండు వందల మీటర్లు వెనక్కి, ఇళ్ళు లేని చోటికి మార్చడమే మంచి పని అవుతుంది. ఇలా కావాలనే ముందు కూడలిలో కాస్త ఆపి వదలడాన్ని ‘గేటింగ్’ అంటారు.

రెండో మెట్టు: అసలు ఆ సిగ్నల్ అవసరమా?

ఇది ఎవరూ అడగని ప్రశ్న. ఎప్పుడో ట్రాఫిక్ ఉందని పెట్టిన సిగ్నల్, బైపాస్ వచ్చాక కూడా అలాగే నడుస్తూ ఉంటుంది. తక్కువ ట్రాఫిక్ ఉన్న కూడలిలో చిన్న రౌండబౌట్ ఉంటే చాలా బళ్ళు పూర్తిగా ఆగకుండానే దాటిపోతాయి. చూపుకి అడ్డంకులు లేని చోట అర్ధరాత్రి ఫ్లాషింగ్ ఎల్లోలో పెట్టడం ఇంకో మార్గం, అయితే ప్రమాదాల రికార్డు చూసుకున్నాకే. పాత బల్బుల సిగ్నళ్ళు ఇంకా ఉంటే ఎల్ఈడీకి మార్చండి, లైట్లకయ్యే కరెంటు 80 నుంచి 90 శాతం తగ్గుతుంది. కానీ దాన్నే “గ్రీన్ ప్రాజెక్టు” అని ప్రకటించి ఆగిపోవడం సరికాదు. రద్దీ కూడలిలో లైట్లకయ్యే శక్తి, కింద నిలబడ్డ బళ్ళు కాల్చే దాని ముందు లెక్కలోకి రాదు.

మూడో మెట్టు: కొలవండి

ప్రతి దిక్కు నుంచీ నేరుగా వెళ్ళేవి, రెండు వైపులకీ తిరిగేవి విడివిడిగా, 15 నిమిషాల ముక్కలుగా లెక్కపెట్టాలి. పొద్దున రద్దీ, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, సెలవు రోజు. కెమెరా పెట్టి తర్వాత లెక్కించినా సరే, కానీ కనీసం ఒక రద్దీ పూట మీరు స్వయంగా అక్కడ నిలబడండి. లేన్ మధ్యలో ఆగే ఆటోలు, స్టాప్ లైన్ దాటి నిలిచే బైకులు, మూలమీద పార్కింగ్ లాంటివి కౌంట్ షీటులో కనబడవు. టైమింగ్‌తో తీరని సమస్యల్లో చాలావరకు అవే.

తప్పకుండా కొలవాల్సింది శాచురేషన్ ఫ్లో, అంటే గ్రీన్‌లో క్యూ ఎంత వేగంగా కరుగుతుందన్నది. స్టాప్‌వాచ్ చాలు. క్యూలో నాలుగో బండి లైను దాటగానే మొదలుపెట్టి, క్యూలోని చివరి బండి దాటేదాకా కొలిచి, నాలుగోదాని తర్వాత దాటిన బళ్ళ సంఖ్యతో భాగించండి. బండికి 2 సెకన్లు వస్తే గంటకి లేన్‌కి 1,800. మొదటి నాలుగు బళ్ళని వదిలేయడానికి కారణం ఉంది. గ్రీన్ చూసి, క్లచ్ వదిలి, కదలడానికి పట్టే ఆలస్యం వాటిలోనే ఉంటుంది. దాన్ని ‘లాస్ట్ టైమ్’లో, అంటే వృథా సమయంలో, వేరుగా లెక్కిస్తాం. ద్విచక్ర వాహనాలు కలగలిసిన ట్రాఫిక్‌లో లేన్ లెక్క నడవదు. అక్కడ వెడల్పు మీటర్లలో తీసుకుని, ఒక్కో రకం బండిని కారుతో సమానంగా మార్చే గుణకాలు వాడాలి.

పర్యావరణ లెక్క కోసం అదనంగా మూడు రాసుకోండి: ప్రతి దిక్కు నుంచీ వచ్చే బస్సులు, లారీల శాతం, రోడ్డు ఎత్తుపల్లం, గ్రీన్ అయిపోయేసరికి క్యూలో ఇంకా మిగిలిన బళ్ళు. ఎత్తు మీదకి ఎక్కే దిక్కున బరువైన బండిని ఆపితే మళ్ళీ కదిలించడానికి చాలా ఖర్చు. వీలైతే ఆ దిక్కుని ఆపకుండా చూడటమే తెలివైన పని. మిగిలిన క్యూ ఎందుకంటే, అందులోని బండి ఒక్క సిగ్నల్ దగ్గరే రెండుసార్లు ఆగుతుంది.

నాలుగో మెట్టు: భద్రత సమయాలని ముందే స్థిరపరచండి

ఎల్లో, ఆల్ రెడ్ (అన్ని దిక్కులకీ రెడ్ ఉండే కాసేపు), నడిచేవాళ్ళ సమయం. ఈ మూడింటి నుంచి సెకన్లు దొంగిలించి పొగ తగ్గించామనుకోవడం కుదరదు. ఎల్లోకి వాడుకలో ఉన్న సూత్రం ఇది: స్పందించడానికి 1 సెకను, దానికి వేగాన్ని మందగింపు రేటుకి రెట్టింపుతో భాగించి కలపాలి. 50 కి.మీ. వేగమంటే సెకనుకి 13.9 మీటర్లు. మందగింపు సెకనుకి సెకనుకి 3.05 మీటర్లు తీసుకుంటే 1 + 13.9 ÷ 6.1, అంటే దాదాపు 3.3 సెకన్లు. ఆల్ రెడ్ కోసం కూడలి వెడల్పుకి బండి పొడవు కలిపి వేగంతో భాగించాలి. 20 మీటర్ల కూడలి, 6 మీటర్ల బండి అయితే 1.9 సెకన్లు.

నడిచేవాళ్ళకి 7 సెకన్ల ‘నడవండి’ గుర్తు, ఆ తర్వాత రోడ్డు వెడల్పుని నడక వేగంతో భాగించినంత సమయం ఇవ్వాలి. సెకనుకి 1.2 మీటర్లు చాలాకాలంగా వాడుకలో ఉన్న అంకె. పెద్దవాళ్ళు, పిల్లలు ఎక్కువగా దాటే చోట 1 మీటరు లేదా అంతకన్నా తక్కువ తీసుకోవాలి. 14 మీటర్ల రోడ్డుకి 1.2తో 19 సెకన్లు, 1తో 21 సెకన్లు వస్తుంది. ఈ రెండు సెకన్ల తేడా తర్వాతి మెట్టులో సైకిల్‌ని, అంటే సిగ్నల్ ఒక చుట్టు తిరిగే కాలాన్ని, మార్చేస్తుంది, చూడండి.

ఐదో మెట్టు: సైకిల్ టైమ్

అన్ని దిక్కులకీ ఒకసారి గ్రీన్ వచ్చి మళ్ళీ మొదటికి రావడానికి పట్టే కాలమే సైకిల్. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, అదీ ఎప్పుడూ ఒకే వైపు. రద్దీ పెరిగిందంటే సైకిల్ పెంచేస్తారు. 120, 140, 180 సెకన్లు. అంతంత గ్రీన్ ఇస్తే క్యూ కరుగుతుందని నమ్మకం.

బ్రిటిష్ పరిశోధకుడు ఎఫ్. వి. వెబ్‌స్టర్ 1958లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మొదటి అంచనాకి సరిపోతుంది. ఒక సైకిల్‌లో వృథా అయ్యే మొత్తం సమయాన్ని ఒకటిన్నరతో గుణించి 5 కలపండి. ప్రతి ఫేజ్‌లో (ఒకేసారి గ్రీన్ పడే దిక్కులు కలిపి ఒక ఫేజ్) అన్నిటికన్నా రద్దీగా ఉన్న లేన్ ట్రాఫిక్‌ని దాని శాచురేషన్ ఫ్లోతో భాగించి, ఆ నిష్పత్తులన్నీ కూడి, 1 నుంచి తీసేయండి. మొదటి అంకెని రెండోదానితో భాగిస్తే సైకిల్ వస్తుంది.

ఒక ఉదాహరణ. రెండు ఫేజ్‌ల కూడలి. ప్రధాన రోడ్డులో రద్దీ లేన్‌లో గంటకి 720 బళ్ళు, అడ్డరోడ్డులో 450. శాచురేషన్ ఫ్లో 1,800. నిష్పత్తులు 0.40, 0.25, కలిపితే 0.65. ఫేజ్‌కి 5 సెకన్ల చొప్పున వృథా 10 సెకన్లు. 15కి 5 కలిపితే 20, దాన్ని 0.35తో భాగిస్తే 57. అంటే 60 సెకన్ల సైకిల్. అందులో వృథా పోగా మిగిలిన 50 సెకన్లని 0.40, 0.25 నిష్పత్తిలో పంచితే ప్రధాన రోడ్డుకి 31, అడ్డరోడ్డుకి 19.

ప్రధాన రోడ్డు 14 మీటర్ల వెడల్పు అనుకుందాం. దాన్ని నడిచి దాటేది అడ్డరోడ్డు గ్రీన్‌లోనే. నడక వేగం 1.2 అనుకుంటే 19 సెకన్లు కచ్చితంగా సరిపోతుంది. పెద్దవాళ్ళ కోసం 21 కావాలంటే సరిపోదు. అప్పుడు సైకిల్‌ని 70 చేస్తే గ్రీన్‌లు 37, 23 అవుతాయి, సమస్య తీరుతుంది. వెబ్‌స్టరే గమనించిన ఇంకో సంగతి: సరైన విలువకి ముప్పావు నుంచి ఒకటిన్నర రెట్ల మధ్య సైకిల్ ఎక్కడున్నా ఆలస్యం పెద్దగా మారదు. మన లెక్కలో అది 43 నుంచి 86. కాబట్టి 70 నిశ్చింతగా పెట్టొచ్చు.

మరి ఇదే కూడలికి 70 బదులు 140 పెడితే? పర్యావరణం వైపు నుంచి ఇది న్యాయంగా అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే పెద్ద సైకిల్‌లో ఆగే బళ్ళ శాతం నిజంగానే తగ్గుతుంది. బళ్ళు సమానంగా వస్తున్నాయనుకుని లెక్కిస్తే అడ్డరోడ్డులో ఆగేవి 90 శాతం నుంచి 86కి, ప్రధాన రోడ్డులో 79 నుంచి 71కి తగ్గుతాయి. ఈ రెండు లేన్లలో కలిపి గంటకి దాదాపు 70 ఆగుళ్ళు తగ్గాయి. గుణకం 60 పెడితే 4,200 సెకన్ల ఐడ్లింగ్‌తో సమానమైన లాభం. కానీ సగటు వెయిటింగ్ అడ్డరోడ్డులో 21 సెకన్ల నుంచి 39కి, ప్రధాన రోడ్డులో 13 నుంచి 21కి పెరుగుతుంది. అంటే గంటకి సుమారు 14,000 సెకన్ల నష్టం. లాభానికి మూడు రెట్లు. ఆగుళ్ళకి ఇంత బరువిచ్చి చూసినా పొడవైన సైకిల్ ఓడిపోతోంది. నడిచేవాడు రెండు నిమిషాలు నిలబడలేక రెడ్‌లోనే పరిగెత్తడం, అప్పుడు పడే బ్రేకులు ఈ లెక్కలో లేనే లేవు.

ఇందులోంచి తీసుకోవాల్సింది: వెబ్‌స్టర్ విలువ కన్నా కొంచెం పైకి వెళ్ళండి, ఒకటిన్నర రెట్లు దాటకండి. నిష్పత్తుల మొత్తం 0.9 దాటితే ఈ సూత్రం పనిచేయదు, సైకిల్ ఆకాశానికి పోతుంది. అక్కడ చేయాల్సింది ఫేజ్‌లు తగ్గించడం. ఎదురు ట్రాఫిక్‌ని దాటి తిరిగేవాళ్ళకి విడిగా ఫేజ్ ఇచ్చిన ప్రతిసారీ 5 సెకన్లు వృథా ఖాతాలోకి పోతాయి. ఆ మలుపుని ఒక కూడలిలో నిషేధించి, తర్వాతి కూడలిలో ఇవ్వగలరేమో చూడండి. అయితే చుట్టూ తిరగడానికి పట్టే అదనపు కిలోమీటర్లని కూడా లెక్కలో కలపాలి.

ఆరో మెట్టు: కూడళ్ళని ఒకదానితో ఒకటి కలపడం

ఒంటరి కూడలిలో మీరు తగ్గించగలిగేది ఎక్కువగా వెయిటింగే. ఆగుళ్ళు నిజంగా తగ్గేది ఇక్కడే. కాబట్టి టైమ్, డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే నేను చెప్పేది ఈ మెట్టే.

ఒక రోడ్డు మీది వరుస కూడళ్ళన్నీ (దాన్నే కారిడార్ అంటారు) ఒకే సైకిల్‌లో, లేదా సరిగ్గా సగం సైకిల్‌లో నడవాలి. లేకపోతే గ్రీన్‌ల మధ్య తేడా ప్రతిసారీ మారిపోతుంది. ఆ తేడానే ఆఫ్‌సెట్ అంటారు. రెండు కూడళ్ళ మధ్య 350 మీటర్లు, వేగం గంటకి 36 కి.మీ. అంటే సెకనుకి 10 మీటర్లు అయితే, మొదటి గ్రీన్ పడిన 35 సెకన్లకి రెండో గ్రీన్ పడాలి. ఇలా వరుసగా గ్రీన్ అందేలా చేయడాన్నే గ్రీన్ వేవ్ అంటారు. ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. రోడ్డు మీద ఇది నేరుగా పనిచేయదు. రెండో కూడలి ముందు అప్పటికే అడ్డరోడ్ల నుంచి తిరిగి వచ్చిన బళ్ళు నిలబడి ఉంటాయి. పై నుంచి వచ్చే గుంపు చేరేలోపు అవి కదలాలి. లేన్‌లో మూడు బళ్ళుంటే బండికి 2 సెకన్ల చొప్పున 6 సెకన్లు తగ్గించి, గ్రీన్‌ని 29వ సెకనుకే ఇవ్వండి. ఇది చేయనందువల్లే “గ్రీన్ వేవ్ పెట్టాం, అయినా అందరూ ఆగుతున్నారు” అనే ఫిర్యాదు వస్తుంది.

ఒక దిక్కుకి గ్రీన్ వేవ్ సులువు. రెండు దిక్కులకీ కావాలంటే ప్రయాణ సమయం సైకిల్‌లో సగం లేదా పూర్తి సైకిల్ కావాలి. పై ఉదాహరణలో 35 సెకన్లు 70కి సరిగ్గా సగం, అదృష్టం బాగుంది. దూరాలు అలా కుదరనప్పుడు మూడు దారులున్నాయి: సైకిల్‌ని ఐదు పది సెకన్లు అటూ ఇటూ జరపడం, వేగాన్ని మార్చడం, పొద్దున ఒక దిక్కుకి, సాయంత్రం రెండో దిక్కుకి ప్రాధాన్యం ఇవ్వడం. రెండు దిక్కుల్లోనూ గ్రీన్ పట్టీ (బయల్దేరిన బండి అన్ని గ్రీన్‌లూ ఆగకుండా దాటగలిగే సమయం) వెడల్పుని గరిష్ఠం చేసే గణిత పద్ధతిని జాన్ లిటిల్ 1966లోనే ఇచ్చారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఆ పని క్షణాల్లో చేసిపెడతాయి. కానీ వెడల్పైన పట్టీ అంటే తక్కువ ఆగుళ్ళు అనే గ్యారంటీ లేదు. పట్టీలో వచ్చేవాళ్ళు ఎంతమందో చూసి, మొదటి మెట్టులో రాసుకున్న స్కోరుతోనే తేల్చండి.

డిజైన్ వేగం ఎప్పుడూ వేగ పరిమితిని మించకూడదు. నిజానికి దానికన్నా కాస్త తక్కువ పెడితే రోజూ తిరిగేవాళ్ళు కొన్నాళ్ళకే పట్టేస్తారు: తొక్కినా లాభం లేదు, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే అని. కోపెన్‌హాగన్‌లో నోరెబ్రోగేడ్ వీధిలో గ్రీన్ వేవ్‌ని గంటకి 20 కి.మీ.కి, అంటే సైకిలు తొక్కేవాళ్ళ వేగానికి పెట్టారు. ఎవరిని ఆపకుండా పంపాలన్నది ఇంజనీరింగ్ కన్నా ముందు తీసుకునే నిర్ణయమని ఆ వీధి చూస్తే తెలుస్తుంది.

కూడళ్ళ మధ్య దూరం కిలోమీటరు దాటితే గుంపు చెదిరిపోతుంది, కలపడం వల్ల ఒరిగేది తక్కువ. దూరం మరీ తక్కువైతే ఇంకో బెడద: ముందు కూడలి క్యూ వెనక కూడలి దాకా వచ్చి దాన్నీ మూసేస్తుంది. క్యూలో కారుకి 6 నుంచి 7 మీటర్లు పడుతుంది. 100 మీటర్ల ముక్కలో లేన్‌కి 15 కార్లు మించి పట్టవు. వెనక నుంచి ఒక్క గ్రీన్‌లో అంతకన్నా ఎక్కువ వదలకండి.

ఏడో మెట్టు: బస్సులు, రాత్రులు

బస్సు వస్తుంటే గ్రీన్‌ని 5 నుంచి 10 సెకన్లు పొడిగించడం, లేదా రెడ్‌ని ముందే ముగించడం. మొదట్లో చూసిన లెక్క ప్రకారం ఒక్క బస్సు ఆగకపోతే ఏడెనిమిది కార్లు ఆగనంత ఇంధనం మిగులుతుంది, లోపల కూర్చున్న మనుషుల సంగతి లెక్కించకుండానే. బస్ స్టాపు సిగ్నల్‌కి ముందుంటే ఈ పద్ధతి సరిగ్గా పనిచేయదు, ఎందుకంటే బస్సు ఎంతసేపు ఆగుతుందో కంట్రోలర్‌కి తెలియదు. స్టాపుని కూడలి దాటాక పెట్టండి.

రోజంతా ఒకే ప్లాన్ వద్దు. కనీసం నాలుగు ప్లాన్లు ఉండాలి. రాత్రి అడ్డరోడ్డులో బండి లేకపోయినా ప్రధాన రోడ్డుని ఆపే సిగ్నల్ పూర్తిగా దండగ. అక్కడ బండిని పసిగట్టే డిటెక్టర్ పెట్టి, బండి వస్తేనే గ్రీన్ ఇచ్చేలా చేయాలి. ప్లాన్ మారే క్షణంలో సిగ్నళ్ళు కొన్ని సైకిళ్ళ పాటు గాడి తప్పుతాయి కాబట్టి రద్దీ మధ్యలో కాకుండా, మొదలవడానికి ముందే మార్చండి.

కౌంట్‌డౌన్ టైమర్ల గురించి ఒక మాట. రెడ్ మీద అంకెలు కనబడితే ఇంజన్ ఆపేవాళ్ళు పెరుగుతారు. 10 సెకన్లకి మించి ఆగేటప్పుడు ఆపేయడమే లాభం. కానీ చివరి రెండు మూడు సెకన్లలో ముందే దూకేవాళ్ళూ ఉంటారు. గ్రీన్ మీద అంకెలు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. “ఇంకా 4 ఉంది” అని చూసి తొక్కేవాళ్ళే ఎక్కువ.

ఎనిమిదో మెట్టు: రోడ్డు మీద పెట్టేముందు కంప్యూటర్‌లో

జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ తయారుచేసిన ట్రాఫిక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ సూమో ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, ఉద్గారాల లెక్క అందులోనే వస్తుంది. మోడల్‌ని ఎంచుకునేటప్పుడు ఒక్క విషయం గమనించండి. సగటు వేగం ఆధారంగా ఉద్గారాలు లెక్కించే మోడళ్ళు ఊరు మొత్తానికి పనికొస్తాయి, సిగ్నల్ పనికి రావు. మూడుసార్లు ఆగి వెళ్ళిన కారు, నెమ్మదిగా ఆగకుండా వెళ్ళిన కారు సగటు వేగం ఒకటే కావచ్చు. పొగ ఒకటి కాదు. సెకను సెకనుకీ వేగం, త్వరణం చూసే మోడలే కావాలి.

సిమ్యులేషన్‌లో ఇప్పటి పరిస్థితి ముందు సరిగ్గా రావాలి. మీరు కొలిచిన క్యూ పొడవు, ప్రయాణ సమయం దానితో సరిపోలేదాకా కొత్త ప్లాన్ జోలికి పోకండి. డిఫాల్ట్ డ్రైవర్లు మర్యాదస్తులు, లేన్‌లోనే ఉంటారు. మీ రోడ్డు అలా లేకపోతే ఆ పారామీటర్లు మార్చాలి.

తొమ్మిదో మెట్టు: ముందు, తర్వాత

కొత్త ప్లాన్ పెట్టిన మొదటి రోజు కూడలి దగ్గరే ఉండండి. అంకెల్లో తప్పు దొర్లితే క్యూ అరగంటలోనే చెబుతుంది. అసలు కొలత మాత్రం రెండు వారాలయ్యాక, ముందు కొలిచిన వారంలోని అవే రోజుల్లో, అవే వేళల్లో. జీపీఎస్ పెట్టిన కారుని కారిడార్‌లో రెండు దిక్కులా పలుమార్లు నడిపి, వేగం గంటకి 5 కి.మీ. కన్నా తగ్గిన ప్రతిసారీ ఒక ఆగుడుగా లెక్కపెట్టండి. అడ్డరోడ్లలో కూడా కొలవాలి. ప్రధాన రోడ్డుకి వచ్చిన లాభం అక్కడి నుంచి లాక్కున్నదేమో తెలియాలి. గాలి నాణ్యత మీటరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గాలివాటం మారితే చాలు, మీ నెలల పని దాంట్లో కనబడదు.

గంటకి 1,000 కార్లకి ఒక్కో ఆగుడు తగ్గితే, 12 మి.లీ. చొప్పున 12 లీటర్లు, సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్. రోజుకి 12 గంటలు, ఏడాదికి 300 రోజులు అలా నడిస్తే దాదాపు 100 టన్నులు. రిపోర్టులో రాసుకోడానికి బాగుంటుంది. కానీ దాని పక్కనే ఇంకో లెక్క రాయండి. కిలోమీటరుకి 70 మి.లీ. తాగే కారు 3 కి.మీ. కారిడార్‌లో 210 మి.లీ. కాలుస్తుంది. రోడ్డు సాఫీగా ఉందని గంటకి 57 కొత్త కార్లు చేరితే ఆ 12 లీటర్లూ ఆవిరి. అవి 10 కి.మీ. దూరం నుంచి కొత్తగా బయల్దేరినవైతే 17 కార్లు చాలు.

దీనికి మందు సిగ్నల్ పెట్టెలోనే కొంత ఉంది. మిగిలిన సెకన్లన్నీ కార్లకే ఇవ్వకండి. బస్సు ప్రాధాన్యానికి, నడిచేవాళ్ళకి ముందే 3 నుంచి 5 సెకన్ల గ్రీన్ ఇవ్వడానికి, వాళ్ళు నిలబడే కాలం తగ్గించడానికి వాడండి. ఆరు నెలల తర్వాత ట్రాఫిక్ లెక్క మళ్ళీ తీసి, పెరిగిందేమో చూడండి.

అడాప్టివ్ సిస్టమ్ కొనాలా?

సిడ్నీలో పుట్టిన స్కాట్స్, బ్రిటన్‌లో పుట్టిన స్కూట్ దశాబ్దాలుగా నడుస్తున్నాయి. అవి ఎప్పటికప్పుడు ట్రాఫిక్ చూసి సైకిల్, గ్రీన్, ఆఫ్‌సెట్‌లని మార్చుకుంటాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 2012లో తొమ్మిది కూడళ్ళలో సర్‌ట్రాక్ అనే పద్ధతిని ప్రయోగించి చూసినప్పుడు ప్రయాణ సమయం 25 శాతం, ఉద్గారాలు 21 శాతం తగ్గాయని దాన్ని తయారుచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ బృందం ప్రకటించింది. గూగుల్ గ్రీన్ లైట్ వేరే దారి: ఫోన్ల మ్యాప్ డేటా చూసి, ఉన్న సిగ్నల్‌కే “ఇక్కడ నాలుగు సెకన్లు జరపండి” లాంటి సలహా ఇస్తుంది, కొత్త పరికరాలు అక్కర్లేదు. ఆగుళ్ళు 30 శాతం దాకా, కూడలి ఉద్గారాలు 10 శాతం దాకా తగ్గే అవకాశం ఉందని ఆ సంస్థ చెప్పింది. ఇలాంటి అంకెలు చదివేటప్పుడు ముందున్న ప్లాన్ ఎంత పాతదో అడగండి. పదేళ్ళనాటి టైమింగ్‌తో పోలిస్తే ఏదైనా గొప్పగానే కనిపిస్తుంది.

నా అభిప్రాయం: ట్రాఫిక్ రోజూ ఒకేలా ఉండే కారిడార్‌లో మంచి ఫిక్స్‌డ్ ప్లాన్లు చాలు. స్టేడియం, పెద్ద మార్కెట్, తరచూ మళ్ళింపులు ఉండే చోట అడాప్టివ్‌కి ఖర్చు పెట్టండి. ఏది కొన్నా దాని లోపల తగ్గించే అంకె ఏమిటో అమ్మేవాళ్ళని అడగండి. వెయిటింగ్ ఒక్కటేనా, ఆగుళ్ళకి బరువు ఉందా, ఆ బరువుని మీరు మార్చుకోగలరా?

చివరి మెట్టు: పాడవకుండా చూసుకోవడం

టైమింగ్ ప్లాన్‌ని మూడు నుంచి ఐదేళ్ళకోసారి కొత్తగా లెక్కించాలి. దగ్గర్లో మాల్, ఫ్లైఓవర్, వన్‌వే వస్తే వెంటనే. అంతకన్నా తరచుగా చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది కంట్రోలర్ గడియారం. పక్క కూడలితో 10 సెకన్ల తేడా వచ్చిందంటే అంత కష్టపడి పెట్టిన ఆఫ్‌సెట్ మొత్తం పోయినట్టే, పైకి మాత్రం సిగ్నల్ బాగానే వెలుగుతూ ఉంటుంది. జీపీఎస్ లేదా నెట్‌వర్క్ సింక్ లేకపోతే వారానికోసారి సరిచూడండి. రెండోది డిటెక్టర్లు. చెడిపోయిన డిటెక్టర్ చాలావరకు “బండి ఉంది” అనే చెబుతూ ఉంటుంది, కంట్రోలర్ ఖాళీ రోడ్డుకి ప్రతి సైకిల్‌లో గరిష్ఠ గ్రీన్ ఇస్తూ పోతుంది. తెల్లవారుజామున 3 గంటల లాగ్ తెరిచి, ఏ ఫేజ్ ప్రతిసారీ గరిష్ఠానికి చేరుతోందో చూస్తే ఆ డిటెక్టర్ దొరికిపోతుంది.